కల్వంలో నిమ్మచెక్క

నేను ఒక కల్వాన్ని. మందులు నూరే రాతిగిన్నెని. కల్వం అనగానే మీకు నాటువైద్యుడి అరుగూ, కరక్కాయ వాసనా గుర్తొస్తే రానీండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను ఆ బాపతు కాదు. నాది అకీకు రాయి. మీ ఊరి నాయకుడెవరైనా జాతకం బాగుపడాలని వేలికి గోధుమరంగు రాయి ఉంగరం పెట్టుకు తిరుగుతున్నాడా? ఆ రాయి నాకు పెదనాన్న కొడుకు వరస. వాడికి శాలువాలు, దండలు. నాకు పొద్దున్న లేస్తే రుద్దుళ్ళు. ఎవరి రాత వాళ్ళది, ఏం చేస్తాం.

నన్ను చెక్కింది గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊళ్ళో ఇస్మాయిల్ భాయ్ అనే ముసలాయన. అద్దంలా మెరిసేదాకా నున్నగా సానబట్టి, నా జంటగా ఒక చిన్న గుండును కూడా చేసి, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు వేలితో నా లోపలంతా రాసి చూపించేవాడు. "దీనికి ఏదీ అంటుకోదు సాబ్, ఒక్క రేణువు మిగలదు" అని ప్రమాణం చేసేవాడు. పాపం మంచివాడే. కానీ నా బతుకులో జరిగిన ఒకే ఒక్క గొప్ప సంగతి, ఆ మాట అబద్ధమవడం వల్లే జరిగింది.

అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయానికి వచ్చాను. మొదట భూగర్భశాస్త్రం వాళ్ళ చేతిలో పడ్డాను. వాళ్ళు అనంతగిరి కొండల్ని ముక్కలు ముక్కలుగా తెచ్చి నాలో వేసి నూరారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే, ఆ ఎలుకను కూడా చూడలేదు వాళ్ళు. ఒకరోజు ఒక మహానుభావుడికి తొందరొచ్చింది. నన్ను కడిగి, త్వరగా ఆరాలని వేడి పెట్టెలో పెట్టి, కాలుతూ ఉండగానే తీసి చల్లటి కుళాయి కింద పట్టాడు. టక్కుమంది. నా అడుగున వెంట్రుకవాసి పగులు. ఆయన అటూ ఇటూ చూసి నన్ను పాత సామాన్ల బల్ల కింద దాచి, తర్వాత మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. నేను మాత్రం దుమ్ములోనే ఉండిపోయాను.

ఆ దుమ్ములోంచి నన్ను ఏరుకున్నవారు ప్రొఫెసర్ గంటి పేర్రాజు గారు. కొత్త కల్వం కొనమంటే ఆఫీసువాళ్ళు విసిగిస్తారని, పక్క డిపార్టుమెంటుకి ఒక కాలు ఊగే స్టూలిచ్చి నన్ను తెచ్చుకున్నారు. కుంటి స్టూలుకి పగులు కల్వం. న్యాయమైన బేరమే.

పేర్రాజు గారిది మొండి మందుల్ని లొంగదీసే విద్య. మీకు అర్థమయ్యేలా చెబుతాను వినండి. కొన్ని మందులు గుణానికి బంగారమే కానీ నీళ్ళలో కరగవు. వాటి స్ఫటికాల్లో అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయంటే, కడుపులో నీళ్ళు వచ్చి బతిమాలినా వదలవు. మందును మార్చడానికి లేదు, మారిస్తే గుణం పోతుంది. అందుకని దాని పక్కన హాని చెయ్యని ఇంకో పదార్థాన్ని కూర్చోబెట్టి, రెండూ కలిసి ఒకే స్ఫటికం కట్టేలా చేస్తారు. మందు మందే, దాని స్వభావం దానిదే, పట్టు మాత్రం సడలుతుంది. దీన్ని కోక్రిస్టల్ అంటారు. మొండి మనిషికి తగిన పిల్లను చూసి పెళ్ళి చెయ్యడం లాంటి పనన్నమాట. కాబట్టి పేర్రాజు గారు వృత్తిరీత్యా పెళ్ళిళ్ళ పేరయ్య. కాకపోతే జాతకాలు చూడరు, కంప్యూటరు చూస్తారు. ఏ అణువు ఏ అణువు చెయ్యి పట్టుకుంటుందో లెక్కలు కట్టించి మార్కులు వేయిస్తారు. దానికి 'డిజైన్' అని పేరు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళజోడు సర్దుకుంటారు.

ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి కిల్లి హిమజ. శ్రీకాకుళం వైపు పిల్ల. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమెకు అప్పజెప్పిన మందు మూర్ఛలొచ్చే పసిపిల్లలకిచ్చేది. పేరు చాంతాడంత ఉంటుందని ల్యాబులో అంతా మొండయ్య అనేవారు. మొండయ్య కడుపులోకి చుట్టపుచూపుగా వెళ్ళి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిన దారినే వచ్చేస్తాడు. అందుకని కొంచెమైనా ఒంటికి పట్టాలంటే పెద్ద పెద్ద బిళ్ళలు మింగించాలి. పిల్లల ఆసుపత్రిలో ఒక తల్లి ఆ బిళ్ళను చెంచాతో చిదిపి, తేనెలో కలిపి పాపకు పడుతుంటే సగం గౌను మీదికే వచ్చిందని, ఆ గౌనునే మళ్ళీ చెంచాతో గీకి పట్టిందని హిమజ ఒకసారి నూరుతూ నూరుతూ స్నేహితురాలికి చెప్పింది.  చెప్పాక గుండును గట్టిగా తిప్పింది. నేను ఓర్చుకున్నాను.

కంప్యూటరు మంచి మార్కులేసిన సంబంధాలన్నీ చూశాం. ఒక్కటీ కుదరలేదు. పొడిని ఎక్స్‌రే యంత్రంలో పెట్టడం, స్ఫటికం మారితే మారాల్సిన గీతలు మారకుండా పాతవే రావడం, మొండయ్య ఒకవైపు, పెళ్ళికూతురు ఇంకోవైపు ఎడమొహం పెడమొహంగా ఉండడం. నిమ్మకాయలో పులుపు ఉంటుంది చూశారూ, సిట్రిక్ ఆమ్లం, దానికైతే కంప్యూటరు అట్టడుగు మార్కులేసింది. దాన్ని నూరి చూస్తానని హిమజ అంటే, లెక్కే వద్దంటుంటే నూరడమెందుకమ్మా అని పేర్రాజు గారు నవ్వేశారు. ఈ పనికి డబ్బిచ్చిన మందు కంపెనీవాళ్ళు పెట్టిన గడువు దగ్గరపడుతోంది. ఏదో ఒకటి రాకపోతే హిమజకు డాక్టరేటూ లేదు, ఇన్నేళ్ళ చాకిరీకి పేరూ లేదు.

ఇంతలో దసరా వచ్చింది.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. లెక్కల్ని తప్ప దేన్నీ నమ్మనని వేదికలెక్కి చెప్పే పేర్రాజు గారు ఆయుధపూజ మాత్రం ఎవరినీ చెయ్యనివ్వరు. స్వయంగా చేస్తారు. పట్టుపంచె కట్టుకుని వచ్చి, ఎక్స్‌రే యంత్రానికి బంతిపూల దండ వేసి, త్రాసుకు బొట్టు పెట్టి, విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌కి హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయ కోసి చెక్కలకు కుంకుమ అద్ది గుమ్మానికి అటూ ఇటూ పెడతారు. ఆ ఏడు ఒక నిమ్మచెక్క ఎక్కువైంది. ఎక్కడ పెట్టాలో తోచక చుట్టూ చూశారు. నేను కనిపించాను. నాలో హిమజ నూరి వదిలేసిన మొండయ్య పొడి, పైన వడపోత కాగితం కప్పి ఉంది. ఆయన చూసుకోలేదు. ఆ కాగితం మీదే నిమ్మచెక్కను బోర్లించి, నాకూ ఒక బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు. నాకు దణ్ణం పెట్టిన మొదటి ప్రొఫెసరు ఆయనే, ఆ గౌరవం నేను మరచిపోలేదు.

ఆయనకో పట్టింపు కూడా ఉంది. పూజలో పెట్టిన వస్తువును తాను ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టకూడదు, కడగకూడదు. చెప్పాల్సిన మనిషి దశమినాడే ఢిల్లీలో ఏదో సదస్సుకి విమానమెక్కి, డిజైన్ గురించి ఉపన్యాసమిచ్చి, అటునుంచటే హరిద్వారం చూసుకుని తీరిగ్గా వచ్చారు. అన్నాళ్ళూ నేను కదలకుండా కూర్చున్నాను. నిమ్మరసం కాగితంలోంచి చుక్కచుక్కగా దిగింది. పొడి తడిసింది, నానింది, మెల్లగా ఆరింది. నాలో ఏదో కడుతున్నట్టు, బిగుసుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. చెబుదామంటే నోరేదీ? ఉన్నదంతా నోరే అయినా మాట లేని పుటక నాది.

ఉద్వాసన అయ్యాక హిమజ కాగితం ఎత్తి చూసి ఉసూరుమంది. లేతగులాబీ రంగు గడ్డ. పారేద్దామనుకుంది. ఎటూ పాడైందే కదా అని ఒకసారి నూరి ఎక్స్‌రేలో పెట్టింది. పాత గీతలు లేవు. ఎవరూ చూడని కొత్త గీతలు. కుంకుమేమో అనుకుని మళ్ళీ చూసింది, కుంకుమ కాదు. ఒక చిటికెడు నీళ్ళలో వేసింది. మొండయ్య కరిగిపోయాడు. పటికబెల్లంలా కరిగిపోయాడండీ. ఆ పిల్ల బల్లమీద తల ఆనించి ఏడ్చింది. నాకు కన్నీళ్ళు లేవు గానీ, ఉంటే ఆవేళ నిండేదాన్ని.

తర్వాత అచ్చమైన సిట్రిక్ ఆమ్లం తెచ్చి, ఒక చుక్క నీళ్ళు వేసి నాలో నూరితే మళ్ళీ అదే వచ్చింది. ఎన్నిసార్లు నూరినా వచ్చింది. ఇంకేం, పేర్రాజు గారు పరిశోధన వ్యాసం రాశారు. కంప్యూటరు వేసిన అట్టడుగు మార్కులు ఒక పూటలో పైకొచ్చాయి. లెక్కలో ఏదో సవరించాల్సి ఉండిందట. మంగళసూత్రం కట్టాక ముహూర్తం చూసినట్టు, వచ్చిన స్ఫటికానికి వెనకనుంచి డిజైన్ తయారైంది. నిమ్మచెక్క సంగతి కూడా రాద్దామండీ అని హిమజ మెల్లగా అడిగింది. నిమ్మకాయని రాస్తే మన ఫొటోలకి నిమ్మకాయల దండలే వేస్తారమ్మా అన్నారాయన. ఆ పిల్ల ఊరుకుంది. ఊరుకోవడం నాకు నచ్చలేదు, కానీ ఆమె స్థానంలో ఉంటే నేనైనా ఏం చేసేదాన్ని?

వ్యాసానికి చప్పట్లు కొట్టారు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. కంపెనీవాళ్ళు అందులో రాసినట్టే చేశారు. రాలేదు. మళ్ళీ చేశారు. మొండయ్య మొండయ్యలాగే ఉన్నాడు. మొదట్లో హిమజ, ఆడలేక మద్దెల ఓడంటున్నారులే అనుకుంది. మెల్లగా మాట మారింది. అసలు ఆ అమ్మాయి గీతలే దొంగ గీతలేమో అన్నారు. ఆ మాట ల్యాబు గుమ్మం దాటి క్యాంటీన్‌కి, క్యాంటీన్ దాటి హాస్టల్‌కి పోయింది. చివరికి కంపెనీ పరిశోధన విభాగానికి పెద్ద అయిన డాక్టర్ మెహరున్నీసా కబురు చేసింది. మా ప్లాంటుకొచ్చి మా కళ్ళముందు చేసి చూపించండి, లేకపోతే విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేస్తాం అంది. పేర్రాజు గారు ఫోన్లో అన్న మాట నేను నా చెవులారా విన్నాను. ప్రయోగం చేసింది ఆ అమ్మాయేనండి, నేను రాతపని వరకే చూశాను అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, కుందేలే తనది కాదనేశారు.

ప్రయాణం రోజు పేర్రాజు గారు కొత్త కల్వం ఒకటి కొన్నారు. పగులు గిన్నె పట్టుకెళ్తే పరువు పోతుందన్నారు. హిమజ తలూపింది. కానీ అచ్చొచ్చిన కల్వమని నన్ను వదల్లేక, చున్నీలో చుట్టి సంచిలో అడుగున పెట్టుకుంది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు నేనూ బయల్దేరాను.

ప్లాంటులో అంతా తెల్లకోట్లు, టోపీలు, మెరిసే స్టీలు. సంచిలోంచి నాకు చప్పుళ్ళే వినిపిస్తున్నాయి. కొత్త కల్వంలో నూరింది. ఎక్స్‌రే చూశారు. రాలేదు. వాళ్ళ యంత్రంలో నూరింది. రాలేదు.  కుర్చీలు జరిగిన చప్పుడు, గొంతులు సవరించుకున్న చప్పుడు. మెహరున్నీసా మాత్రం భోజనం చేసి వచ్చి ఇంకోసారి చూద్దాం, అప్పటికీ రాకపోతే నేను రాయాల్సింది రాస్తాను అంది. ఆ గొంతులో కోపం లేదు, నిర్ణయం ఉంది. నాకు భయమేసింది. రాయికి భయమేమిటని నవ్వకండి, ఆ గొంతు వింటే మీకైనా వేస్తుంది.

క్యాంటీన్ బల్ల కింద హిమజ కాళ్ళ దగ్గరున్నాను. ఆమె మెతుకు ముట్టలేదు. ఎదురుగా మెహరున్నీసా పెరుగు గిన్నె వంచి చూసి, క్యాంటీన్ వాళ్ళు మారారు, కొత్త గిన్నెలు, పాలు కాచి చల్లార్చారు గానీ తోడు వెయ్యడం మరిచినట్టున్నారు, ఇవి పాలే అని పక్కకు నెట్టింది. పైన చెంచా కంచంలో పడిన చప్పుడైంది. హిమజది. తర్వాత ఒక చెయ్యి కిందికి వచ్చి, సంచిలో దూరి, నా అడుగున పగులు మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయింది. పాలు మంచివే, వేడీ సరిపోయింది, కానీ పాత పెరుగు చుక్క పడకపోతే పాలు పాలుగానే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆ చుక్క నా పగులులో ఉంది. ఎంత కడిగినా పోని నాలుగు రేణువులు. వాటిని చూసే కొత్తవి కట్టడం నేర్చుకుంటున్నాయి.

వరండాలో ఆమె, మాతో వచ్చిన పేర్రాజు గారికి చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామండీ అని బతిమాలింది. నిమ్మకాయ అంటే వ్యాసమంతా తప్పని ఒప్పుకోవడమేనని ఆయన గొంతు తగ్గించి కోప్పడ్డారు. తర్వాత కోపం కూడా మానేసి మామూలుగా అన్నారు.

"హిమజా, నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేను."

"తెలుసండి" అంది హిమజ.

లోపలికొచ్చి, చున్నీ విప్పి, నన్ను ఆ మెరిసే స్టీలు బల్ల మీద పెట్టింది. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు, అంత గర్వం కూడా.

"మేడమ్, ఇది మేం డిజైన్ చేసింది కాదు. ఆయుధపూజ నిమ్మచెక్క కారి, దానంతటది వచ్చింది. ఆ మొదటి గింజలు ఈ పగులులో ఉన్నాయనుకుంటున్నాను. నేను అబద్ధం గీతలు గియ్యలేదు. నిమ్మకాయ సంగతి రాయకపోవడం మాత్రం తప్పే."

ఎవరూ నవ్వలేదు. మెహరున్నీసా నన్ను అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి చూసి, "నీ చేత్తో వద్దు, నా చేత్తో చూస్తాను" అని చేతి తొడుగులు వేసుకుంది. మొండయ్యను వేసింది, ఆమ్లం వేసింది, చుక్క నీళ్ళు వేసి నూరింది. ఆమె చెయ్యి కొత్త. నొక్కడం తెలియదు. అమ్మా, ఇంకొంచెం అడుగుకి, పగులు దగ్గరకి, అని నేను లోలోపల మొత్తుకున్నాను. నా జన్మలో నేను దేవుణ్ణి తలచుకున్నది ఆవేళే, అదీ నిమ్మచెక్క రూపంలో. పొడి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే గదిలోంచి చాలాసేపు ఎవరూ రాలేదు. వచ్చినప్పుడు మెహరున్నీసా చేతిలో కాగితం లేదు. నేరుగా వచ్చి హిమజ భుజం మీద చెయ్యి వేసింది.

నాలోంచి ఒక చిటికెడు తీసి వాళ్ళ స్టీలు యంత్రంలో వేస్తే అక్కడా వచ్చింది. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టారు. ఆ సందట్లో మెహరున్నీసా పేర్రాజు గారి వైపు తిరిగి, ఇంతకీ ఆ పూజ చేసిందెవరండీ అని అడిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "డిపార్టుమెంటు తరఫున జరిగిందండి" అన్నారు.

ఇక మీరడగబోయేది నాకు తెలుసు. సంతకం సంగతి. చాలాకాలం పెట్టలేదు. ఇవాళ రేపంటూ తిప్పారు. హిమజ థీసిస్‌లో నిమ్మచెక్కకు, నా పగులుకు ఏకంగా ఒక అధ్యాయమిచ్చింది, తీసెయ్యమంటారేమోనని రోజూ బెంగపడింది. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన విమానానికి టైమవుతోందని హడావుడిగా గబగబా సంతకాలు చేసి ఇచ్చేశారు. తీసెయ్యమనలేదు. మనసు మారిందనుకుంటున్నారా? అంతలేదు. ఆయన థీసిస్‌లు చదవరు. ఆ ఒక్క గుణం వల్ల నిజం గట్టెక్కింది.

మొండయ్య ఇప్పుడు శనగగింజంత బిళ్ళ. పాలలో వేస్తే కరిగిపోతాడు. గౌను గీకాల్సిన పని లేదు.

నేనా? కంపెనీవాళ్ళు నన్ను అడిగి తీసుకున్నారు. ప్లాంటు ముందు గదిలో గాజు పెట్టెలో, కింద మఖమల్ గుడ్డ, పైన దీపం. అందులో పెట్టేముందు, వచ్చేపోయే పెద్దల కంటికి బాగుండాలని నన్ను యాసిడ్‌తో శుభ్రంగా కడిగారు. పగులును ఏదో లప్పంతో పూడ్చి, పైన సానబట్టారు. ఇస్మాయిల్ భాయ్ చెప్పిన మాట ఇన్నాళ్ళకి నిజమైంది, ఇప్పుడు నాలో ఒక్క రేణువు లేదు. పక్కన బోర్డు ఉంది. ఆధునిక కంప్యూటర్ డిజైన్ ద్వారా రూపొందిన మొదటి కోక్రిస్టల్ ఇందులోనే తయారైందని రాశారు. దాని పక్కన పేర్రాజు గారి ఫొటో, దానికి నిమ్మకాయల దండ కాదు, మామూలు పూలదండే.

హిమజకు ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. మొన్న ఆయుధపూజకి ఆమె నా పెట్టె దగ్గర ఆగింది. ఆఫీసువాళ్ళు పెట్టెకి బొట్టు పెట్టి, లోపల నా ఒళ్ళో ఒక నిమ్మచెక్క పెట్టారు. ఆమె తలుపు తీసి దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. ప్లాస్టిక్‌ది. మఖమల్ మీద మరక పడకూడదని షాపులో ఏరి తెచ్చారట.

ఆమె నవ్వడం మొదలెట్టింది. వాచ్‌మన్ వచ్చి ఏమైందమ్మా అని అడిగేదాకా నవ్వింది. ఆ తర్వాత నా పూడ్చిన పగులు మీద వేలు పెట్టి, వంగి, నాకొక్కదానికే వినపడేలా అంది.

"కడిగేస్తారని తెలిసే ముందురోజే చిటికెడు తీసి దాచాను. ఇప్పుడు కొత్త మొండి మందు ఒకటి వచ్చింది, ఇంతకంటే మొండిది. నాకు మళ్ళీ ఒక పగులు కల్వం కావాలి. ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పు."